నీళ్లసాన నిదానం

ఉలికి పదును పెట్టడంలో తొందర పనికిరాదని నా నమ్మకం. స్వీడన్‌లో 1973లో మొదలైన టార్మెక్ సంస్థవారి నీళ్లసాన యంత్రాలే అందుకు ఆధారం. వాటిలో పెద్దదాని రాయి వ్యాసం 250 మిల్లీమీటర్లు. నిమిషానికి 90 చుట్లే తిరుగుతుంది. మామూలు పొడి గ్రైండరు 2,800 చుట్లు దాటుతుంది. ఆ వేగానికి పల్చని అంచు క్షణంలో కాగి నీలం తేలిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే; ఆ మేర అరగదీసేదాకా పదును నిలవదు. నీళ్లలో మునిగి తిరిగే రాయి ఆ ప్రమాదం రానివ్వదు. విరిగిన అంచును సరిచేయడానికి చాలాసేపు పడుతుందన్న ఫిర్యాదు నిజమే, కానీ అది ఎప్పుడో వచ్చే పని. రోజువారీ పదునుకు తీయాల్సిన లోహం వెంట్రుకవాసే.

చాకిరీ ఎక్కువన్న మాటను మాత్రం కొట్టిపారేయలేను. రాయి గుండ్రదనం తప్పితే చిత్రిక బ్లేడు అంచు వంకరపోతుంది. వజ్రపు మొనను రాయి మీద నెమ్మదిగా నడిపి సరిచేయాలి. రాయి నీళ్లు పీలుస్తుంది కనుక తొట్టిని మధ్యమధ్య నింపాలి. పని ముగిశాక రాయిని నాననివ్వకుండా నీరు వంపేసి, అడుగు బురద గట్టిపడకముందే కడగాలి. ఇంత ఓపిక లేనివారికి చేతి సానరాయే మేలు. ఉన్నవారు సాన తర్వాత అంచును నునుపు చేసే తోలుచక్రం దగ్గర ఇంకాస్త జాగ్రత్తపడాలి: అంచును చక్రం తిరిగే దిశకు ఎదురు పెడితే తోలు తెగుతుంది.