రెండు సెగల ఊరు

మే నెలలో గుంటూరు నుంచి మాచర్ల బస్సెక్కాను. సత్తెనపల్లి దాటేసరికే కిటికీలోంచి సెగ కొడుతోంది. పత్తి, మిర్చి ఎప్పుడో అమ్ముడుపోయి నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. తడి తువ్వాలు తలకు చుట్టుకున్న పెద్దాయన, "అద్దం మూసెయ్ అబ్బాయ్, వడగాలి" అన్నాడు. మూశాకే కాస్త నయమనిపించింది.

పిడుగురాళ్లలో దిగాను. ఇది సున్నం ఊరు. చుట్టూ సున్నపురాయి నేల. పగలు కాగిన రాయి పొద్దుగూకాక కూడా చల్లారదు. సముద్రపు గాలి ఇంతదూరం రాదు. ఎండలనగానే పేపర్లో కనిపించే రెంటచింతల కూడా ఈ పల్నాడులోదే. అయితే ఇది పొడి ఎండ. బెజవాడ ఉక్కలో చేతులెత్తేసే కూలర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది, కుండనీళ్లూ తొందరగా చల్లబడతాయి. మధ్యాహ్నం బజారు సగం మూతపడింది. తాటిముంజలవాళ్లు, గోలీసోడా బండి మాత్రం వేపచెట్టు కిందికి జరిగారు.

బట్టీల దగ్గర సంగతి వేరు. రాయి, బొగ్గు పొరలు పొరలుగా వేసి కాలుస్తారు. రాయి సున్నం కావాలంటే దాదాపు 900 డిగ్రీల వేడి కావాలి. చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కున్న ఒకామె చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. కాలిన సున్నానికి తడి తగిలితే మళ్లీ వేడెక్కుతుంది. చెమట కూడా తడే కదా! మణికట్టు దగ్గర తెల్లటి మచ్చలు చూపించింది. తెల్లారకముందే పనిలోకి దిగుతారట. చద్దన్నం, ఉల్లిపాయ, సీసాలో మజ్జిగ తెచ్చుకుంటారు.

"బట్టీ సెగకి పక్కకి జరుగుతాం. ఎండకి ఏడకి జరగాలయ్యా?" అంది.

2015 మేలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది బయట పనిచేసే కూలీలు, ముసలివాళ్లు. మధ్యాహ్నం బయటికి రావద్దని అధికారులు ఏటా చెబుతారు. మంచిమాటే, కానీ ఆ పూట కూలి ఎవరిస్తారు?

బస్టాండు దగ్గర చలివేంద్రంలో మజ్జిగ తాగాను. కరివేపాకు, అల్లం వేసిన పల్చటి మజ్జిగ, ప్రాణం లేచొచ్చింది. దాతలకు ఒక్క విన్నపం: వచ్చే వేసవికి ఇలాంటి పందిరొకటి బట్టీల దారిలో కూడా వేయించండి.