అట్టడుగు జట్టుకీ చప్పట్లే!

ఆస్టిన్‌లో ఐ-35 హైవే పక్కనే ఉంటుంది డిష్-ఫాక్ ఫీల్డ్, టెక్సస్ యూనివర్సిటీ బేస్‌బాల్ స్టేడియం. ఎమ్మెస్ రోజుల్లో, 2019 మే నెలలో తొలిసారి వెళ్లా. ఆ వారమే ఓ ఇంటర్వ్యూ పోయింది. 6 సార్లు జాతీయ చాంపియన్ అయిన జట్టు ఆ ఏడాది బిగ్ 12లో అట్టడుగున ఉంది.

‘కోచ్‌ని పంపించేయాల్సిందే’ అన్నారు వెనక సీట్లో పెద్దాయన. ‘నిరుడు ఒమాహాలో కాలేజీ వరల్డ్ సిరీస్ దాకా తీసుకెళ్లింది ఈయనే కదా!’ అన్నారు పక్కాయన. అచ్చం మన టీ కొట్టు దగ్గరి క్రికెట్ గొడవే.

ఇంతలో ఓ కుర్రాడు ఔటై తలదించుకొచ్చాడు. తిట్టిన పెద్దాయనే లేచి చప్పట్లు కొట్టారు. ‘పిల్లలు పాపం, పరీక్షలు కూడా రాసుకోవాలి’ అన్నారు. నాకెందుకో గొంతు పట్టేసింది.

సీజన్ 27 గెలుపులు, 27 ఓటములతో ముగిసింది. అదే కోచ్‌తో 2021, 2022లో జట్టు మళ్లీ ఒమాహా వెళ్లింది. నాకూ ఉద్యోగం వచ్చింది!