బియ్యపు డబ్బాలో చీటి

సనత్‌నగరమున కార్ఖానాలతో పాటు కార్మిక కుటుంబములును పెరిగినవి. 1948 నాటి చట్టముతో ఏర్పడిన బీమా పథకము క్రింద కార్మికులకు వైద్యము చేయు ఇ.ఎస్.ఐ. వైద్యశాల అచ్చటనే యున్నది. 2016 నుండి వైద్య కళాశాలయు దానికి తోడైనది. మా తమ్ముడు బీమాదారుడు గనుక అతని భార్యకును అచ్చట చికిత్సకు హక్కు గలదు. నడచి పోదగిన దూరమే. అయినను మా మరదలు మూడు మాసములు ఆ గడప త్రొక్కలేదు.

బస్తీలో జరిగిన పరీక్షయందు ఆమె గర్భాశయ ముఖద్వారమున అనుమానింపదగిన మచ్చ కానవచ్చినది. ఆ పరీక్ష కడు సులభము. వినిగరులో నుండు ఆమ్లమునే పలుచన చేసి, దూదితో అద్ది, ఒక నిమిషము వేచి చూతురు. మార్పు చెందిన తావు తెల్లబారును. తెల్లబారినదెల్ల రాచపుండు కాదు. కావుననే పై పరీక్షకు పొమ్మని చీటి వ్రాసి యిచ్చిరి. ఆ చీటి మా వారింట బియ్యపు డబ్బాలో దాగినది. పరపురుషుడు చూచునేమో యని మరదలికి సిగ్గు. నలుగురేమందురో యని తమ్మునికి జంకు. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడు మేము సైతము "నొప్పి పుట్టినప్పుడు చూతములే" యంటిమి. ఈ వ్యాధిలో నొప్పి కడపట వచ్చునని మాకు తెలియదు!

దీనికి మూలము హెచ్.పి.వి. యను సూక్ష్మక్రిమి. అది దాంపత్యమువలన సంక్రమించును, మగనినుండియు రావచ్చును. నింద మాత్రము ఆడుదానికే. అది ఏండ్ల తరబడి నిలిచినచో కణములు మారును. ఆ మార్పు క్యాన్సరగుటకు తరచు పది పదునైదేండ్లు పట్టును. అంత గడువును మనము డబ్బాలలో దాచుచున్నాము.

తుదకు మా గృహిణి బియ్యము కొలుచుచు చీటిని చూచి, మమ్మడుగకయే మరదలిని వెంటగొని పోయినది. వైద్యురాలు కాల్పోస్కోపుతో ఆ తావును పెద్దదిగా చేసి చూచి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపినది. 1925 ప్రాంతమున జర్మనీలో హిన్సెల్మన్ రూపొందించిన యంత్రమట అది! తేలినది క్యాన్సరు కాదు, దానికి ముందుమెట్టు. ఆ తావునకు మాత్రమే మత్తిచ్చి, విద్యుత్తీగతో చెడిన భాగమును తొలగించిరి. సాయంకాలమునకు మరదలు ఇంటనే యున్నది. ఏడాదికి మరల చూపించుకొనవలెను.

ముప్పది మొదలు అరువదియైదేండ్ల స్త్రీలకు అయిదేండ్లకొకసారి ఈ పరీక్ష జరుగవలెనని 2016లో కేంద్రప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించినది. మా గృహిణికి నలువదినాలుగేండ్లు. ఆమెకు ఒక్కమారైనను జరుగలేదని మాకు ఆ రాత్రి తోచినది. అడిగితిమి. "నన్నెవరు పొమ్మన్నారు?" అన్నది.

సోమవారము వెళ్లుచున్నది. ఈమారు మేమును తోడు పోవుచున్నాము.