రాజధాని రుచులు, నిర్వాసితుల పొయ్యిలు

డిసెంబరులో గుంటూరు జిల్లా నుంచి మయూర్ విహార్ ఫేజ్-1లోని కూతురింటికి వచ్చిన ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు ఢిల్లీ దర్శనాన్ని ఎర్రకోటతో ప్రారంభించలేదు. మనవరాలి మాట మీద తిండితో ప్రారంభించారు. కొరియన్ సీరియళ్లకు అలవాటుపడిన ఆ పదో తరగతి పిల్ల, సియోల్ పక్కనున్న ఉయిజంగ్బు నగరానికి జనం ఒక పులుసు తినడం కోసమే వెళ్తారనీ, ఆ పులుసు పేరు మీద అక్కడ ఒక వీధే ఉందనీ తాతకు చెప్పింది.

"అంత గొప్ప పులుసేమిటమ్మా?"

"బుదే చిగే తాతయ్యా. బుదే అంటే సైనిక శిబిరమట."

ఆ పులుసు కథ వినదగినది. 1950-53 యుద్ధం కొరియాను బూడిద చేసింది. మాంసం దొరకని ఆ రోజుల్లో అమెరికన్ శిబిరాల నుంచి బయటికి వచ్చిన సాసేజ్‌లను, డబ్బా మాంసాన్ని కిమ్చీతో, మిరప ముద్దతో కలిపి జనం ఉడకబెట్టుకున్నారు. ఇవాళ దాన్ని పర్యాటకులు వరుస కట్టి తింటున్నారు. దేశం సంపన్నమైనా వంటకం పేరు మారలేదు. పరాయి సైన్యం విడిచిన తిండితో బతికామన్న సంగతి ఆ పేరులోనే ఉండిపోయింది. మాస్టారికి నచ్చింది రుచి సంగతి కాదు, ఈ నిజాయితీ. మరి ఢిల్లీ వంటకాలు తమ గతం గురించి ఏం చెబుతాయన్నది ఆయనకు పట్టుకున్న ప్రశ్న.

మర్నాడు ఉదయం మయూర్ విహార్-1 స్టేషన్‌లో మెట్రో ఎక్కి, మండీ హౌస్‌లో రైలు మారి, జామా మసీదు దగ్గర దిగారు. రాత్రంతా సన్నని సెగపై ఉడికిన నిహారీ ఆ చలిలో పొగలు కక్కుతోంది. నిహారీ అన్న మాటలోనే ఉదయం ఉంది. శీతకాలంలో మాత్రమే దొరికే దౌలత్ కీ చాట్‌ను కూడా ఆకు దొన్నెలో రుచి చూశారు. పాల నురుగు తప్ప మరేమీ లేని ఆ పదార్థానికి సంపద అని పేరు పెట్టినవారెవరో గానీ, రాజధాని స్వభావాన్ని బాగానే గ్రహించి ఉంటారు.

మధ్యాహ్నం దరియాగంజ్. పెషావర్ నుంచి దేశ విభజన వేళ తరలివచ్చిన వంటవారు 1947లో ఇక్కడ మోతీ మహల్‌ను తెరిచారు. తందూరీ కోడి ఢిల్లీ తిండిగా మారింది ఈ వీధి నుంచే. బటర్ చికెన్‌ను కనిపెట్టింది ఎవరన్న వివాదం 2024లో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. వంటకం ఎవరిదో తేల్చడానికి చట్టాలున్నాయి. ఆ వంటవారు ఊరు విడిచి ఎందుకు రావలసివచ్చిందన్నది ఏ న్యాయస్థానమూ తేల్చే విషయం కాదు. పేరులో వెన్న ఉంది, పెషావర్ లేదు.

అక్కడి నుంచి నడిచివెళ్లగలిగిన దూరంలోనే తుర్క్‌మాన్ గేట్. ఎమర్జెన్సీ పాఠం చెప్పిన ప్రతిసారీ మాస్టారు ఉచ్చరించిన పేరు. 1976 ఏప్రిల్‌లో ఇక్కడి ఇళ్లపైకి బుల్డోజర్లు వచ్చాయి. అడ్డుపడిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. ఇళ్లు కోల్పోయినవారిని యమునకు ఆవల విసిరేశారు. ఎక్కడికని ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన అడిగితే, అల్లుడు కిటికీ వైపు చేయి చూపాడు.

"త్రిలోక్‌పురి కూడా అందులో ఒకటి మావయ్యగారూ. మన వెనకే."

మయూర్ విహార్ అపార్ట్‌మెంట్లలో కాపురముండేవారిలో ఎందరో పాత్రికేయులు, అధికారులు, అధ్యాపకులు. వారి ఇళ్లలో వంట చేసేవారిలో చాలామంది వచ్చేది త్రిలోక్‌పురి నుంచే. పగటి కూలి ఇక్కడ, రాత్రి పొయ్యి అక్కడ. 1984 నవంబరులో ఆ కాలనీ 32వ బ్లాకులో సిక్కులను ఊచకోత కోశారు. మిగిలిన వితంతువులు నగరానికి మరో అంచున తిలక్ విహార్‌కు చేరారు. ఒకసారి పెళ్లగించిన మనుషులను తెచ్చి నింపిన చోటు నుంచే మరికొందరిని పెళ్లగించడం మన రాజధాని పాలనా నైపుణ్యం. మాస్టారు మర్నాటి సాయంత్రం త్రిలోక్‌పురి వీధి మొగలో తోపుడుబండి దగ్గర ఛోలే కుల్చే తిన్నారు. బాగుంది. అంతకుమించి అక్కడ ఆయన ఏమీ అడగలేదు.

మూడో ఉదయం మాత్రం అడిగారు. అపార్ట్‌మెంట్లు దాటి నది వైపు నడిస్తే ఖాదర్, అంటే యమున వరద మైదానం. పాకలు, పంపుసెట్లు, మంచులో తడిసిన పాలకూర, క్యాలీఫ్లవర్, ముల్లంగి మడులు. ఉత్తరప్రదేశ్ జిల్లాల నుంచి వచ్చిన కౌలుదారులు పండించే ఈ కూరలే మయూర్ విహార్ రోడ్ల పక్కన గుట్టలుగా అమ్ముడుపోతాయి. కలుషిత జలాలతో పండేవి ఆరోగ్యానికి చేటని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఇక్కడ తినే పంటలను నిషేధించింది. భయం నిరాధారం కాదు. నగరపు మురుగు కాలువలు కలిసేది ఆ నదిలోనే. అయితే ఆ మురుగు కౌలుదారుది కాదు, నగరానిది. శిక్ష మాత్రం కౌలుదారుకే పడింది. ఇదే తీరాన 2005లో అక్షర్‌ధామ్ ఆలయం తెరుచుకుంది, 2010 కామన్వెల్త్ క్రీడల కోసం నివాస భవనాలు లేచాయి. ఆ క్రీడాగ్రామం స్థలం నదీగర్భం కాదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 జులైలో యమున 208.66 మీటర్లకు ఎగసి, 1978 నాటి రికార్డును దాటినప్పుడు ఈ పాకలన్నీ మునిగాయి. కౌలుదారులు పిల్లలతో, గేదెలతో మయూర్ విహార్ రోడ్డు పక్కన గుడారాల్లో గడిపారు.

గట్టు మీద ముల్లంగి కడుగుతున్న ఒక నడివయసు స్త్రీ దగ్గర మాస్టారు ఆగారు. కూతురు వెనక నుంచి, "వద్దు నాన్నా, ఈ నీళ్లలో సీసం ఉంటుందంటారు" అంది. ఇంట్లో నెలనెలా కొనేవి ఎక్కడివని ఆయన అడిగితే సమాధానం రాలేదు. రెండు కట్టలు తీసుకుని, తనకు వచ్చిన హిందీలోనే, వచ్చే చలికాలం వచ్చినా ఇక్కడే ఉంటావా అమ్మా అని ఆమెను అడిగారు.

ఆమె ఆయన వైపు, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ల వైపు చూసింది. కట్టలకు ముడివేసి చేతికిచ్చింది.

"ఇరవై రూపాయలు" అంది.