బొంతపనిలో ఎడమచేతి రక్షణము

సుశ్రుతాచార్యుడు తన సంహితయందు శస్త్రచికిత్సకు వలయు పరికరములను వివరించుచు యంత్రములు 101 అనియు, శస్త్రములు 20 అనియు లెక్కించెను. ఆ నూటయొక్క యంత్రములలో చేయియే అన్నిటికంటె ప్రధానమని ఆయన యభిప్రాయము. తక్కిన వన్నియు చేతికి లోబడి పనిచేయునవే గదా! గాయమును కుట్టుటకును, బట్టను కుట్టుటకును సంస్కృతమున సీవన మను నొక్కటే మాట. మా తండ్రిగారి యొద్ద చదువుకొను దినములలో ఈ సంగతి మేము విని సంతోషించితిమి. వైద్యునకు చెప్పిన మాట సూది పట్టిన ప్రతి స్త్రీకిని చెల్లును. కాని, సూదికి త్రుప్పు పట్టకుండను, కత్తెరకు పదును పోకుండను జాగ్రత్తపడు మనము, ఆ ప్రధాన యంత్రమును గూర్చి యెంత జాగ్రత్త పడుచున్నాము?

మన ప్రాంతములలో ప్రాతచీరలతో బొంతలు కుట్టుట అనాదిగా వచ్చుచున్న పని. నాలుగైదు నూలుచీరలు ముడుతలు లేకుండ ఒకదానిపై నొకటి పరచి, మెత్తనిదానిని పైకి వేసి, చుట్టును టాకాలు వేసి, అంచునుండి నడిమికి వరుసలుగా కుట్టుకొని రావలెను. మా యింటివారు ఉపాధ్యాయులు గావున, వేసవి సెలవులు రాగానే మా యింటి నడవలో బొంత పరచుట యలవాటైనది. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు వచ్చి తలయొక మూలను కూర్చుందురు. మాటలతోపాటు పనియు సాగును.

పూర్వ మీ పనికి సూదియు, దారమును, ఒక కత్తెరయు నున్న చాలెడిది. ఇప్పుడు పడుచువారు సెల్‌ఫోనులలో చూచి, రంగురంగుల గుడ్డలను చతురస్రములుగను త్రిభుజములుగను కోసి యతికించు ముక్కల బొంతలు నేర్చుకొనుచున్నారు. చూచుటకు ముచ్చటగానే యున్నవి. కాని వానితోపాటు క్రొత్త కత్తులును ఇండ్లలోనికి వచ్చినవి. కుట్టుటకంటె కోయుట యెక్కువైనది. ఈ పనిలో సూదిగ్రుచ్చు పోటు చిన్నది. కోతయే పెద్ద యపాయము.

కుట్టుపనిలో వ్రేలు తెగిన స్త్రీలను కనబడినప్పుడెల్ల మేము అడుగుచుందుము: ఏ చేయి తెగినది? కుడిచేతితో పనిచేయువారందరును దాదాపుగా ఎడమచేతినే చూపిరి. అందును చూపుడువ్రేలు, బొటనవ్రేలు. కత్తి పట్టిన చేతికి గాయము లేదు. గుడ్డను అదిమి పట్టిన చేతికే గాయము. ఎడమచేతివాటము గలవారికి ఇది తారుమారుగా నుండును.

దీనికి కారణము మన వంటయింటిలోనే దొరకును. కత్తిపీటపై కూరలు తరుగునప్పుడు కత్తి కదలదు, చేతులే కదలును. కత్తి యెక్కడ నున్నదో రెండు చేతులకును తెలిసియుండును. చిన్ననాటినుండి మనకు అలవడిన విద్య యిది. కత్తెరయు, బ్లేడును, క్రొత్తగా వచ్చిన చక్రపు కత్తియు దీనికి విరుద్ధము. వానితో పనిచేయునప్పుడు కత్తి కదలును, ఎడమచేయి నిలిచియుండును. కన్ను కత్తి వెంట పోవును, మనస్సు గీత వెంట పోవును. కదలక నిలిచి యంతటిని పట్టియుంచు చేతిని చూచువారే లేరు. సంసారములందును ఇట్టి చేతులు కొన్ని యుండును గదా!

మా వీధిలో రవికెలు కుట్టి యిల్లు గడుపుకొను ఇల్లాలొకతె కలదు. రెండేండ్ల క్రిందట ఆమె ప్రాతచీర జరీయంచును విడదీయుటకై గడ్డము గీసికొను బ్లేడును రెండుగా విరిచి, సగము ముక్కను వ్రేళ్లతో పట్టుకొని కుట్లు కోయుచుండెను. బ్లేడు జారి ఎడమచేతి చూపుడువ్రేలి మొదట దిగినది. పైకి గాయము గోరంత. రక్తము కొంచెము వచ్చి ఆగినది. ఆమె పసుపద్ది, పీలిక చుట్టి, మరల మిషను ముందు కూర్చుండెను. పెండ్లివారి రవికెలు మరునాటికి ఇయ్యవలసియుండెను. ఇంటిలో చెప్పిన, “చూచి కోసికొనరాదా?” యని మందలింతురని యెవరికిని చెప్పలేదు. మూడు వారములు గడచిన పిమ్మట వ్రేలు వంగుట లేదని మాకు చూపెను. పట్టణమునకు తోడు పోయితిమి. వ్రేలిని వంచు స్నాయువు తెగి, దాని కొన లోపలికి ముడుచుకొని పోయినదనియు, మొదటి దినములలోనే వచ్చియున్నచో కుట్టి కలుపుట సులభముగా నుండెడిదనియు వైద్యుడు చెప్పెను. నేటికిని ఆమె ఆ వ్రేలు చాచియే కుట్టుచున్నది. దినమునకు నాలుగు రవికెలు కుట్టిన చేయి రెండింటితో ఆగిపోవుచున్నది. గోరంత గాయము సగము బ్రతుకుతెరువును తీసికొనిపోయినది.

ఈ సంగతి తెలిసిన పిమ్మట మా నడవలో కొన్ని నియమములు పెట్టుకొంటిమి. సోదరీమణుల కుపకరించునని వానిని వ్రాయుచున్నాము.

మొదటిది, కోయనక్కరలేని దానిని కోయకుండుట. సాదా నేత నూలుచీరను ముక్కలు చేయుటకు అంచున కత్తెరతో అంగుళము గాటు పెట్టి, రెండు చేతులతో పట్టి లాగిన, దారము వెంట తిన్నగా చిరుగును. గీత గీయనక్కర లేదు, కత్తి జారుననెడి భయము లేదు. మన పెద్దలు చీరలు చించినది ఈ విధముననే. గట్టి యంచును, జరీని మాత్రమే కత్తెరతో కోయవలెను.

కత్తెరతో కోయునప్పుడు గుడ్డను ఒడిలో పెట్టుకొనరాదు. బల్లపైనో, నేలపైనో పరచి, కత్తెర క్రిందిరేకు బల్లను విడువకుండ కోసికొని పోవలెను. ఎడమచేయి కత్తెరకు ప్రక్కన నుండవలెనే కాని ముందుండరాదు. కత్తెర చేజారినచో పట్టుకొనబోక, కాళ్లు వెనుకకు తీసికొని పడనీయవలెను. కత్తెరను బాగుచేయించుకొనవచ్చును. మా యత్తగారు కత్తెరను చేతినుండి చేతికి అందుకొననీయరు. క్రింద పెట్టిన పిమ్మటనే రెండవవారు తీసికొనవలెను. లేనిచో తగవులు వచ్చునని ఆమె చెప్పు కారణము. తగవుల మాట యెట్లున్నను గాయములు రాకుండుట నిశ్చయము.

సగము బ్లేడును వ్రేళ్లతో పట్టుకొని కుట్లు విప్పుట మా యింట మానివేసితిమి. ఇందుకు సీమ్ రిప్పరను చిన్న పనిముట్టు దుకాణములలో కొలది సొమ్మునకే దొరకును. దానికి రెండు కొనలు. పొట్టి కొనకు పూస యుండును, రెండు కొనల నడుమ పదును. చేతికి పట్టుకొనుటకు పిడి కలదు. పిడి లేని పదునును పట్టుకొనరాదను నొక్క మాట జ్ఞాపకముంచుకొన్న చాలును.

ఇక చక్రపు కత్తి. దీనిని రోటరీ కట్టరందురు. జపానుదేశమున ఓల్ఫా సంస్థవారు 1979లో దీనిని వెలువరించిరి. పిడి చివర గుండ్రని బ్లేడు దొర్లుచు, గుడ్డ నాలుగైదు మడతలున్నను ఒక్క త్రోపులో కోయును. 28, 45, 60 మిల్లీమీటర్ల బ్లేడులు కలవు. 45 వాడుకలో నెక్కువ. ఇంత సులభముగా గుడ్డను కోయునది వ్రేలినిని అంతే సులభముగా కోయును. కావున దీనికి నియమము లెక్కువ. కత్తిని ఎల్లప్పుడును మననుండి దూరముగా త్రోయవలెనే కాని మనవైపు లాగుకొనరాదు. అడ్డముగా కోయవలసినచో చేయి త్రిప్పక గుడ్డ పరచిన మ్యాటును త్రిప్పవలెను, లేదా మనమే బల్లకు ప్రక్కకు పోవలెను. కూర్చుండుటకంటె నిలుచుండి కోయుట మేలు. స్కేలును అదిమిన వ్రేళ్లు దాని యంచునకు అంగుళము లోపలికి తక్కువ కాకుండ నుండవలెను. పొడుగు కోతలో స్కేలు కదలునని తోచిన, ముందు కత్తిని ఆపి, పిమ్మట ఎడమచేతిని పైకి జరిపి, మరల సాగవలెను. రెండు చేతులు ఒక్కసారి కదలరాదు. కత్తిని క్రింద పెట్టిన ప్రతిసారియు, అరనిమిషమునకైనను, దాని మూత మూయవలెను. తలుపు కొట్టిరని లేచి పోయినప్పుడే పిల్లల చేయి దానిపై పడును. కోతనుండి రక్షించు చేతితొడుగు నెడమచేతికి వేసికొనుట మరియు మంచిది.

మొద్దువారిన కత్తి మేలని కొందరి భ్రమ. అది తలక్రిందు మాట. పదును లేని కత్తికి బలము కావలెను. బలము పెట్టినచోట కత్తి జారును. జారిన కత్తి ఎడమచేతివైపే పోవును. మంచి శస్త్రము వెండ్రుకను కోయవలెనని సుశ్రుతుడు చెప్పినది ఇందుకే యని మాకు తోచును. ఓల్ఫా సంస్థను స్థాపించిన ఓకాడా యోషియో 1956లో, మొద్దువారిన కొనను విరిచి క్రొత్త పదును తెచ్చుకొను కత్తిని కనుగొనెను. గీతలు గల చాక్లెట్టు పలక ముక్కలుగా విరుగుట చూచి ఆ యూహ కలిగెనందురు. నేడు ప్రతి దుకాణమునను ఆ కత్తి కనబడుచున్నది. విరిచిన ముక్కలను, అరిగిన బ్లేడులను చెత్తలో విడిగా వేయరాదు. చెత్త నేరువారివియు చేతులే. మూతగల రేకుడబ్బాలో వేసి, నిండిన పిమ్మట మూతకు గట్టిగా పట్టీ యంటించి యియ్యవలెను.

సూదుల విషయ మొక్కటి. కుట్టుటకు కూర్చున్నప్పుడు ఎన్ని సూదులు తీసితిమో, లేచునప్పుడు అన్నియు సూదిమెత్తపై నుండవలెను. లెక్క తప్పినచో అయస్కాంతముతో వెదకి, దొరకినగాని బొంతను మడువరాదు. బొంతలో మిగిలిన సూది కుట్టినవారిని గాక నిద్రించు పసివానిని గ్రుచ్చును. కుడి నడిమివ్రేలికి అంగుస్తాను పెట్టుకొనుట అందరెరిగినదే. క్రిందినుండి సూదికొన నందుకొను ఎడమవ్రేలికి ప్లాస్టరు పట్టీ చుట్టుకొనుట అంతకంటె ముఖ్యము.

మరియొక నియమము వలన మాకు మిక్కిలి మేలు కలిగినది. కోతపనిని, కుట్టుపనిని వేరుచేసితిమి. కోతలన్నియు ఉదయము వెలుతురులో, పిల్లలు చెంత లేనప్పుడు ముగింతుము. రాత్రి పది గంటలకు సూది పట్టవచ్చును గాని కత్తి పట్టరాదు. అలసిన చేతికి పదును తెలియదు.

మా నడవకు వచ్చు వృద్ధురాలొకరు ఈ నియమములు విని నవ్వి, “రక్తపుబొట్టు పడని బొంత బొంతయే కాదమ్మా!” యనిరి. ఆ మాటలో పనియందలి గౌరవము లేకపోలేదు. కాని స్త్రీల గాయములు పనిలో భాగమే యను తలంపును అందులోనే యున్నది. మేము ఒప్పుకొనలేనిది దానినే. గాయము గౌరవము కాదు, అవమానమును కాదు. అవమానమని దాచుకొన్నందువలననే మా వీధి యిల్లాలి వ్రేలు పోయినది.

గాయమైనప్పుడు చేయవలసినది కొంచెమే. ముందుగా, వాపు రాకమునుపే ఉంగరము తీసివేయవలెను. ధారగా పడు నీటితో గాయమును కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి, చేతిని గుండెకంటె ఎత్తున పట్టి, నడుమ నడుమ తీసి చూడక పది పదునైదు నిమిషములు ఉంచవలెను. రక్తము ధారకట్టినచో కడుగుట కాగక వెంటనే అదుమవలెను. కాఫీపొడి, సున్నము, పసుపు వేయరాదు. అవి గాయమును కప్పి వైద్యునకు కనబడనీయవు. పిమ్మట వ్రేలిని వంచి చాచి చూడవలెను. కొనను తాకి స్పర్శ తెలియుచున్నదో లేదో చూడవలెను. వంగకున్నను, చాచలేకున్నను, తిమ్మిరిగా నున్నను, గాయము నోరు తెరచియున్నను, అదిమినను రక్తము ఆగకున్నను, గాయ మెంత చిన్నదైనను ఆనాడే వైద్యుని చూడవలెను.

ధనుర్వాతపు సూదిమందును మరువరాదు. టీకాలు క్రమముగా వేయించుకొన్నవారికిని, కడపటిది వేసి పదియేండ్లు దాటినచో మరల వలయును. గాయము లోతైనను, మురికి తగిలినను ఐదేండ్లు దాటిననే వలయును. టీకాలు సరిగా పడనివారు ఆ సంగతి వైద్యునకు చెప్పవలెను. సూదిమందు వలనను, శుభ్రమైన పురుళ్ల వలనను మన దేశమున బాలింతల, పసికందుల ధనుర్వాతము ప్రజారోగ్య సమస్యగా తొలగినదని 2015లో ప్రకటింపబడినది. బిడ్డలకై వేయించుకొన్న సూదిమందును మన చేతులకై మరచుట తగునా?

సోదరీమణులారా! కుడిచేతికి నేర్పు చాలకాలముగా నేర్పుచున్నాము. ఇక ఎడమచేతికి చోటు నేర్పుదము. కత్తి యెత్తిన ప్రతిసారియు, కోయుటకు ముందు ఒక్క క్షణమాగి, ఆ రెండవచేయి యెక్కడ నున్నదో చూడుడు. కుట్టు నేర్చుకొను బాలికలకు మొదటి పాఠముగా దీనినే చెప్పుడు. ఎప్పుడైన గాయపడిన బిడ్డ యెదురుపడినచో, ఎట్లు కోసికొంటివని యడుగక, చేయి చూపుమని యడుగుడు.