వీల్‌చైర్ ఎప్పుడు కొనాలె సార్?

మన సినిమాల్లో పెద్ద జబ్బు చేసిన మనిషికి రెండే దారులు. చివరి రీలులో చనిపోవాలి, లేదంటే దేవుడి దయవల్లో డాక్టరు హస్తవాసివల్లో లేచి నడవాలి. 1981లో ‘ప్రేమాభిషేకం’, 1993లో ‘మాతృదేవోభవ’ చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చిన కాలం నాకు గుర్తుంది. ఆ సినిమాలను నేను తప్పుపట్టను. కథకు ఒక జబ్బు కావాలి, పెట్టుకున్నారు. నా బాధ వేరే. ఈ రెండు ముగింపుల్లో దేనికీ లొంగని జబ్బొకటి ఉంది. అది వచ్చినవాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ మాత్రం ఆ రెంటిలో ఏదో ఒకటి ముందే ఖాయం చేసుకుని మెదక్‌లో నా క్లినిక్‌కు వస్తారు.

ఆ జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. పొడవాటి పేరు కాబట్టి ఎం.ఎస్. అంటాం. ఫ్రాన్స్‌లో షార్కో అనే డాక్టరు 1868లోనే దీన్ని విడిగా గుర్తించి వివరించాడు. కరెంటు తీగ మీద రబ్బరు తొడుగున్నట్టే మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల పోగుల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరపాటుపడి ఆ పొరను అక్కడక్కడ దెబ్బతీస్తుంది. ఏ చోట దెబ్బ తగిలితే ఆ చోటు చేసే పని కుంటుపడుతుంది. చాలామందిలో కొన్ని వారాలకు అది సర్దుకుంటుంది. నెలలో ఏళ్లో గడిచాక ఇంకోచోట మొదలవుతుంది. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య పట్టుకుంటుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడింతలు ఎక్కువ. ప్రపంచం మొత్తమ్మీద 28 లక్షల మందికి పైగా ఉన్నారని అంచనా. మన దేశంలో యూరప్, అమెరికాల కంటే తక్కువే. అందుకే మా ఓపీకి ఎప్పుడో ఒకరు గానీ రారు. వచ్చినవాళ్లను మాత్రం మరిచిపోలేం.

పాపన్నపేట వైపు ఒక ఊరి నుంచి వచ్చిన కోడలు పిల్ల అలాంటిదే. పాతికేళ్లు కూడా నిండలేదు. నడుము కింది నుంచి తిమ్మిరి అన్నది. “నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలుస్తలేదు సార్. ఎనక వచ్చేటోళ్లు చెప్తే చూసుకుంటున్న.” మెడ వంచితే వీపు వెంట కరెంటు పాకినట్టు ఉంటుందట. పాత సంగతులు తవ్వితే ఇంకోటి బయటపడింది. ఏడాది కిందట కుడి కన్ను తిప్పితే నొప్పి పుట్టి, చూపు పొగమంచు పట్టినట్టయింది. ఎడమ కన్ను మూసుకుని అద్దంలో చూసుకుంటే కుంకుమ బొట్టు ఎర్రగా కాకుండా వెలిసిపోయిన రంగులో కనిపించేదట. అద్దాల షాపులో కళ్లజోడు ఇచ్చారు. నెల తిరిగేసరికి చూపు దానంతటదే వచ్చింది, కళ్లజోడుకు మంచి పేరొచ్చింది.

ఊళ్లో బాణామతి, అంటే చేతబడి, అన్నారు. మెదక్ ప్రాంతంలో ఆడవాళ్లకు అంతుబట్టని రోగం వస్తే ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఎవరో ఒక ముసలామె మీద అనుమానం కూడా పడింది. ఆ అనుమానం ముదరకముందే అమ్మాయిని హైదరాబాద్ నిమ్స్ న్యూరాలజీకి పంపగలిగాను. ఎమ్మారైలో మెదడులోనూ వెన్నుపాములోనూ తెల్లటి మచ్చలు కనిపించాయి, వెన్ను నుంచి తీసిన నీటి పరీక్ష కూడా అదే చెప్పింది. స్టెరాయిడ్ సెలైన్ ఎక్కించాక కాళ్లకు స్పర్శ తిరిగొచ్చింది.

రిపోర్టులు పట్టుకుని నా దగ్గరికి వచ్చిన భర్త అడిగిన మొదటి మాట: “వీల్‌చైర్ ఎప్పుడు కొనాలె సార్?”

అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. సొంత కాళ్ల మీద, మెట్లెక్కి వచ్చి. అతను ఫోన్ చూపించాడు. జబ్బు పేరు కొట్టి వెతికితే వచ్చిన బొమ్మలన్నీ చక్రాల కుర్చీలే. వాళ్లమ్మకు టీవీలో చూసిన ‘ఊపిరి’ సినిమా గుర్తొచ్చింది. అందులో నాగార్జున పాత్ర మెడ కింద చచ్చుబడి కుర్చీకే పరిమితమవుతుంది. అది ప్రమాదంలో తగిలిన దెబ్బ. 2016 నాటి ఆ సినిమా దాన్ని ఎంతో గౌరవంగా చూపించింది. కానీ నరాల జబ్బు అనగానే ఆ అత్తగారి మనసులో కోడలు ఆ కుర్చీలో కూర్చుండిపోయింది. పిల్లలు పుట్టరని ఎవరో వీడియోలో చెప్పారట. పుట్టినా వాళ్లకూ ఇదే వస్తుందన్నారట. కొడుకుకు మళ్లీ పెళ్లి చేయాలన్న మాట అప్పటికే ఇంట్లో లేచింది.

ఆ వేళ వాళ్లతో చాలాసేపు కూర్చున్నాను. మందులు సరిగా వాడితే ఎక్కువమంది ఏళ్ల తరబడి తమ కాళ్ల మీదే నడుస్తారని చెప్పాను. కొందరికి కర్ర, కొందరికి కుర్చీ అవసరపడటమూ నిజమే, దాన్నీ దాచలేదు. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు మూడు మాత్రమే. గర్భంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ఈ జబ్బు మామూలుగా నెమ్మదిస్తుంది. కాన్పు తర్వాత కొన్ని నెలలు జాగ్రత్తగా ఉండాలి. కొన్ని మందులు గర్భంలో పనికిరావు కాబట్టి ముందే చెప్పి ప్లాను చేసుకోవాలి. అత్తగారు అంతా విని, “గట్లయితే టీవీల ఎందుకు చెప్పరు?” అన్నది. ఆమె ప్రశ్న న్యాయమైనది.

నటి సమంత విషయం అప్పుడే వచ్చింది. 2022 అక్టోబర్ చివర్లో ఆమె తనకు మయోసైటిస్ వచ్చిందని, చేతికి సెలైన్‌తో డబ్బింగ్ చెబుతున్న ఫొటోతో సహా ఇన్‌స్టాగ్రామ్‌లో తానే ప్రకటించింది. మరుసటి వారం నుంచి ఒళ్లు నొప్పులున్న వాళ్లంతా తమకూ అదేనా అని అడిగారు. మయోసైటిస్ కండరాల వాపు. ఎం.ఎస్. మెదడు, వెన్నుపాములది. రెంటిలోనూ రక్షణ వ్యవస్థే తిరగబడుతుంది, పోలిక అంతవరకే. కానీ యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు వాటిని కలిపేశాయి. కండరాల జబ్బు, నరాల జబ్బు, చావుబతుకులు అన్నీ ఒకే ముద్ద. ‘యశోద’ సినిమా విడుదల సమయంలో ఇంటర్వ్యూలో కన్నీళ్లు పెట్టుకుంటూనే ఆమె గట్టిగా జవాబిచ్చింది. తానున్న దశలో ఇది ప్రాణాంతకం కాదని, తానింకా చనిపోలేదని, అలాంటి హెడ్డింగులు అక్కర్లేదని చెప్పింది. డాక్టర్లం ఎన్ని క్యాంపులు పెట్టినా చేయలేని పని ఆ ఇంటర్వ్యూ చేసిందని నా నమ్మకం. పాపన్నపేట అమ్మాయి ఆ క్లిప్పును అత్తగారి పక్కన కూర్చుని రెండుసార్లు చూపించిందట. “ఆమె బతికే ఉన్న అని తనే చెప్పుకోవాల్సి వచ్చింది సార్. నేనూ మా చుట్టాలకు గదే చెప్తున్న” అన్నది. ఇప్పుడు ఆమెకు కొడుకు. ఆ రెండో పెళ్లి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

చావు కథ చేసే చెడు ఇలా పైకి కనిపిస్తుంది, ఎదురు చెప్పొచ్చు. నయమైపోయింది అనే కథను ఎదుర్కోవడం ఇంకా కష్టం. నేను ఎక్కువ భయపడేది దానికే.

చేగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా పనిచేసే అతను, ముప్పై దాటిన వయసు, ఎం.ఎస్.కు వారానికొకసారి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ తీసుకునేవాడు. ఇంట్లో ఫ్రిజ్‌లో గుడ్ల అరకు పక్కనే సిరంజిల డబ్బా. సూది వేసుకున్న రాత్రి చలిజ్వరం, ఒళ్లు నొప్పులు. పొద్దున పారాసెటమాల్ వేసుకుని డ్యూటీకి పోవాలి. అలాంటి రోజుల్లో ఒక వీడియో చూశాడు. అదే జబ్బున్న ఒకాయన నలభై రోజుల కషాయంతో పూర్తిగా నయమైందని, ఎమ్మారై కాగితాలు చేత్తో పట్టుకుని చెబుతున్నాడు. ఇతను ఇంజెక్షన్ మానేసి కషాయం మొదలుపెట్టాడు. మొదటి వారం నుంచే హాయిగా అనిపించింది. అనిపించదా మరి! వారం వారం వచ్చే చలిజ్వరం పోయింది కదా. ఆ పేరు కషాయానికి వెళ్లింది. కొన్ని నెలలు ఏ ఇబ్బందీ రాలేదు, ఆ పేరూ కషాయానికే.

తర్వాత ఒకరోజు మెషీన్ దగ్గర కుడి కాలు ఈడ్చుకుపోయింది. స్టెరాయిడ్లు ఇచ్చినా ఈసారి పూర్తిగా సర్దుకోలేదు. ఇప్పటికీ మడమ కొంచెం రాసుకుంటుంది.

“వాడు అబద్ధం చెప్పిండు సార్” అని ఉడికిపోయాడు. అబద్ధం చెప్పకపోయి ఉండొచ్చని నేనన్నాను. ఎం.ఎస్. తనంతట తాను నెమ్మదించే జబ్బు. నెమ్మదించిన ఆరు నెలల్లో మనిషి ఏం తింటే అదే మందు అనుకుంటాడు. కషాయం తాగినా, ఏడుపాయల దుర్గమ్మకు మొక్కుకున్నా, రాగి చెంబులో నీళ్లు తాగినా ఆ ఆరు నెలలు బాగానే గడుస్తాయి. నమ్మి చెప్పేవాడి మాట కాబట్టే అది అంత బలంగా తగులుతుంది. ఇంటర్‌ఫెరాన్ లాంటి మందు చేసే మేలు మాత్రం కంటికి కనపడదు. రాకుండా ఆగిన దాడిని ఎవరు వీడియో తీస్తారు? అతను వీడియో కింద ఉన్న నంబరుకు ఫోన్ చేసి తన కాలు సంగతి చెప్పాడు. అవతలి గొంతు రెండో కోర్సు వాడమని రేటు చెప్పింది.

ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో ఎవరికి ఏ జబ్బు వచ్చినా తన కాలు చూపించి “మందు ఆపకుండ్రి” అంటాడట. ఇతనికి ఇంకో మాట కూడా చెప్పాను. ఇదే జబ్బుకు వాడే గ్లాటిరామర్ అనే ఇంజెక్షన్ జనరిక్‌కు 2017 అక్టోబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. దాన్ని మైలాన్ అనే కంపెనీతో కలిసి తెచ్చింది మన హైదరాబాద్ కంపెనీ నాట్కో. మందులన్నీ విదేశాల కుట్ర అని ఆ వీడియోలో చెప్పారు కాబట్టి ఈ సంగతి అతనికి తెలియాలనిపించింది.

ఇక డిగ్రీ చదివే ఒక అమ్మాయి సంగతి. మెదక్‌లో ఏప్రిల్, మే ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఎండలో నాలుగడుగులు వేస్తే ఆమెకు చూపు మసకబారేది, కాళ్లు బరువెక్కేవి. చర్చి కాంపౌండులో చెట్టు కింద అరగంట కూర్చుని, తడి చున్నీ తలకు చుట్టుకుంటే మళ్లీ మామూలే. ఇంట్లో నాటకాలన్నారు. పరీక్షలంటే భయమన్నారు. ఎం.ఎస్. ఉన్నవాళ్లకు ఒళ్లు శ్రమపడితే చూపు ఇలా మసకబారుతుందని జర్మన్ కంటి డాక్టరు ఊథాఫ్ 1890లోనే రాశాడు. ఒంటి వేడి పెరగడమే దానికి కారణమని తర్వాత తేలింది. వేడికి పాత మచ్చల గుండా సంకేతాలు తడబడతాయి. ఒళ్లు చల్లబడితే సర్దుకుంటాయి. కొత్త దాడి కాదు, నాటకం అసలే కాదు.

ఏటా మే 30న ప్రపంచ ఎం.ఎస్. దినోత్సవం వస్తుంది. ఒక సంవత్సరం ఓ పత్రిక అనుబంధంలో దీని మీద వ్యాసం వచ్చింది. మస్కులర్ డిస్ట్రోఫీతో కలగలిపి కండరాలు క్షీణించే జబ్బు అని రాశారు, పక్కన చేతికర్రతో ఒక ముసలాయన బొమ్మ వేశారు. ఈ అమ్మాయి దాన్ని చదివి, నోటుపుస్తకం కాగితం మీద ఉత్తరం రాసి, పోస్టు చేసేముందు నాకు చూపించింది. ఇది కండరాలది కాదు, నరాల పొరది. ముసలివాళ్లకు కాదు, మా వయసువాళ్లకు వస్తుంది. నేను పరీక్షలన్నీ పాసయ్యాను. ఈ మూడు మాటలే, ఒక్క కోపపు మాట లేకుండా. కొన్ని వారాలకు అది కుదించి ఒక మూలన వేశారు. పేరు వేయొద్దని ఆమే రాసింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

అమెరికాలో 1999లో మొదలైన ‘ది వెస్ట్ వింగ్’ సీరియల్‌లో దేశాధ్యక్షుడికే ఎం.ఎస్. అతను జబ్బుతోనే పాలిస్తాడు. దాన్ని దాచినందుకు నిలదీతలూ ఎదుర్కొంటాడు. తెలుగులో అలాంటి పాత్ర రాయడానికి ఏ అడ్డూ లేదు. ఎండలో గొడుగు వేసుకుని బడికి వెళ్లి పాఠం చెప్పే పంతులమ్మ చాలు.

చట్టం ఈ పాటికే వీళ్లను గుర్తించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే ఉన్నత చదువులో రిజర్వేషన్ వర్తిస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో శాఖ ఉంది. అక్కడికి వెళితే ఇదే జబ్బుతో ఉద్యోగాలు చేస్తూ పిల్లల్ని పెంచుతున్నవాళ్లు కనిపిస్తారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. తిమ్మిర్లు వచ్చిన ప్రతివాళ్లకూ ఎం.ఎస్. కాదు. మా ఓపీలో తిమ్మిర్లకు ఎక్కువగా కనిపించే కారణాలు షుగర్, బి12 లోపం. ఇది చదివి ఎవరూ బెంగపెట్టుకోవద్దు. కానీ చిన్న వయసులో ఒక కన్ను నొప్పితో మసకబారి తగ్గినా, ఆ తర్వాత ఎప్పుడో కాళ్లో చేతులో మొద్దుబారినా ఆ రెండింటినీ కలిపి డాక్టరుకు చెప్పండి. విడివిడిగా చెబితే ఎవరికీ అంతుచిక్కదు.

పత్రికల్లో, చానళ్లలో పనిచేసే మిత్రులకు ఒక మనవి. వచ్చే మే 30న ఈ జబ్బు మీద ఏదైనా వేసేముందు, అది ఉన్న ఒక్కరితోనైనా మాట్లాడండి. చక్రాల కుర్చీ బొమ్మ ఒక్కటే వేయకండి. జబ్బున్నవాళ్లకు నేను చెప్పేది ఇంకా చిన్నది. ఫోన్‌లో ఏం చూసినా సరే, మందు మానేముందు ఆ ఫోన్ పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి రండి.