కాటాకూ ఓ పరీక్ష

పోయిన సంక్రాంతికి తమ్ముడు ఎడపల్లికి వచ్చాడన్న మాటేగానీ, చూపంతా ల్యాప్‌టాప్ మీదే. ఆఫీసులో ఏళ్లనాటి బిల్లింగ్ ప్రోగ్రాంలో ఒక్క వరుస మారిస్తే, ఇంకెక్కడో లెక్క తప్పి బిల్లులు తారుమారయ్యాయట. పండగ కాగానే ఆ మార్పు మళ్లీ చేయాలి. ఈసారీ తప్పితే ఉద్యోగం ఉండదని భయం.

'మార్చినంక సరిచూసుకోవా?' అన్నాను.

'గంత పెద్ద ప్రోగ్రాం చేత్తోని ఎన్నిసార్లు చూడాలన్నా?'

బాపు అందుకున్నాడు. 2015లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మాది వరి సేద్యమే. 'వడ్లు జోకే ముందు కాటా మీద ఇరవై కిలోల రాయి పెట్టి సూస్తం గదరా. ఇరవై సూపకుంటే కాటాల తప్పున్నట్టే.'

తమ్ముడి ముఖం విప్పారింది. 'యూనిట్ టెస్టంటే గదే బాపూ!'

తెలిసిన అంకె ఇచ్చి, రావాల్సిన జవాబు వస్తోందో లేదో కంప్యూటర్‌తోనే చూపించడం. జావాలో ఈ పనికి వాడే జేయూనిట్‌ను 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా విమానంలో వెళ్తూ రాశారట.

పాత ప్రోగ్రాం అంతటికీ ఒకేసారి పరీక్షలు రాయడం అయ్యే పని కాదు. అందుకే తాను చెయ్యి పెట్టబోయే చోటు, దాని చుట్టుపక్కల ఇప్పుడు ఏ జవాబు వస్తోందో ముందు పరీక్షలుగా రాసిపెట్టుకున్నాడు. ఆ తర్వాతే మార్పు.

కనుమ నాడు అన్నీ నడిపిస్తే ఒకటి ఎర్రగా వెలిగింది. తప్పు ఈసారి మా వసారాలోనే దొరికింది, జనం బిల్లుల్లో కాదు.

ఆ రాత్రి వాడు కడుపునిండా తిన్నాడు.